ఎర్రచందనానికి మన వానల లెక్క తెలుసు

రాయచోటి నుంచి కడపకు పోతా గువ్వలచెరువు ఘాటులో పాలకొండలు చూడని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. ఎర్రచందనం ప్రపంచంలో తనంతట తానుగా పెరిగేది ముఖ్యంగా ఈ పాలకొండలు, శేషాచలం, వెలిగొండ, లంకమల చుట్టుపక్కలే. మన గడప ముందరి చెట్టే గానీ, చేన్లో పెట్టి బతికించుకోవడం మొదటిసారి నాకు చేతగాలేదు. ఎందుకు చేతగాలేదో తెలియాలంటే దాని పాత కత కొంచెం వినాల.

పదిహేడో శతాబ్దంలో పులికాట్‌లో కోట కట్టుకున్న డచ్చి వర్తకులు గుడ్డలతో పాటు ఎర్రచందనం దుంగలు కూడా ఓడలెక్కించినారు. వాళ్లకు కావల్సింది వాసన కాదు, దీనికి వాసన లేదు. కావల్సింది రంగు. ఐరోపాలో చెక్కను పొడి చేసి ఉన్ని బట్టలకు ఎర్ర రంగు అద్దేవాళ్లు. మన పెద్దోళ్లకు మాత్రం ఇది ఇంటి గుంజ. చెదలు పట్టదు. వాపులకు సాన మీద అరగదీసి పట్టు వేసేవాళ్లు.

1800లో నిజాం మన సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి రిజర్వు అయింది, గుంజ కోసం కొండెక్కే మనిషికి అడ్డం పడింది. 1856 తర్వాత ఫ్యాక్టరీ రంగులు రావడంతో ఈ చెక్క రంగుకు గిరాకీ తగ్గింది. మళ్లీ జపానులో వాయిద్యాలకు, చైనాలో సామాన్లకు గిరాకీ లేచింది. దొంగ నరుకుడూ దాంతోనే పెరిగింది. 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఎగుమతికి కట్టడి ఉంది. ఇన్ని వందల ఏండ్లలో అందరూ కొట్టేదాని గురించే ఆలోచించినారు. పెంచేదాని గురించి ఆలోచించిన వాళ్లు తక్కువ.

నేను చేసిన తప్పు చెప్తా. వరి మడి పక్కన పల్లంలో మొక్కలు పెట్టి, మామిడికి ఇచ్చినట్టు డ్రిప్ ఇచ్చినా. ఏపుగా లేచినాయి, మురిసిపోయినా. 2021 నవంబర్ మనం మరిచిపోయేది కాదు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన నెల అది. మా పల్లంలో నీళ్లు రోజుల తరబడి నిలిచినాయి. మొక్కల వేర్లు కుళ్లినాయి. గెనిమ మీద, గులకరాళ్లలో, పట్టించుకోకుండా వదిలేసిన రెండు మాత్రం నిలిచినాయి.

అప్పుడు అర్థమైంది. ఇది కొండవాలు చెట్టు. వాన తాగుతుంది, నిలవ నీళ్లు తాగదు. మన సీమకు వాన రెండు దఫాలు: మృగశిర నుంచి నైరుతి, స్వాతి కార్తె నుంచి ఈశాన్యం. చెట్టు పని కూడా దాని ప్రకారమే.

ఎండకాలం మొదట్లో ఆకు రాలుస్తుంది. చచ్చిందనుకొని నీళ్లు గుమ్మరించొద్దు. అప్పుడే ఎండిన కాయలు ఏరుకోవాల. నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి వేస్తే మొలక బాగుంటుంది. రోహిణి లోపల గుంతలు తీసిపెట్టుకొని, నేల తడిసినాక ఆరుద్రలో నాటాల. మొక్కకు దిగువన, ఎగువ వైపు తెరిచిన అర్ధచంద్రంగా చిన్న కట్ట వేస్తే చాలీచాలని నైరుతి వాన కూడా నిలుస్తుంది. స్వాతి రాకముందే అదే కట్టకు గండి కొట్టాల. నీళ్లు పట్టే చెయ్యే నీళ్లు వదలాల. సంక్రాంతి తర్వాత చుట్టూ ఎండుగడ్డి చెక్కేయాల, నిప్పు భయం ఉంటుంది.

తొందర మాత్రం పనికిరాదు. పైన తెల్లచెక్క ఎంత లావున్నా లెక్కలేదు, లోపల ఎర్ర చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. మన పట్టా భూమిలో పెంచినా కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాల. అందుకే నాటిన ఏడాదే కాగితాల్లో రాయించుకోండి.

ఆ రెండు చెట్లు ఇప్పుడు నా కంటే ఎత్తు. వాటి చేవ నేను చూస్తానో లేదో. మా పిల్లోళ్లు చూస్తే చాలు. మీ గెనాల మీద ఇట్లా ఎవరూ నీళ్లు పోయకుండా నిలిచిన చెట్టు ఏదుందో చెప్పండి.