ఫ్యామిలీ అంటే ఎవరు?

"మా ఫ్యామిలీ నిన్ననే పుట్టింటికి వెళ్ళిందమ్మా, అందుకే ఒక్కణ్ణీ వచ్చాను" అన్నారు, ఆదివారం మా యింటికి భోజనానికి వచ్చిన మావారి స్నేహితుడొకాయన.

పక్కనే కూచున్న మా చిన్నమ్మాయి వూరుకోలేదు. "ఫ్యామిలీ అంతా వెళ్ళిపోతే మరి మీరెవరు అంకుల్?" అంది.

అందరూ నవ్వేసి పప్పు కలుపుకున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో వుండిపోయింది. వంటిల్లు సర్దుకుని నిఘంటువులు ముందేసుకు కూచున్నాను. చూద్దును గదా, ఆ మాట వెనక పెద్ద కథే వుంది!

ఫ్యామిలీకి పుట్టిల్లు లాటిన్ భాష. అందులో 'ఫాములుస్' అంటే యింటి సేవకుడు, బానిస. దాన్నుంచి పుట్టిందే 'ఫమీలియా'. ఒక యజమాని కింద వున్న బానిసలందర్నీ కలిపి అలా అనేవారు. గోదాలోకి దిగి కత్తులతో పోరాడే గ్లాడియేటర్ల జట్టు కూడా ఫమీలియాయే! ఆస్తిపాస్తులకీ యిదే మాట వాడేవారు.

ఫమీలియా అంతటికీ పెద్ద తండ్రి, లేదా తాత. ఆయన బతికి వున్నంతకాలం, గడ్డాలు నెరిసిన కొడుకులు సంపాదించిందైనా చట్టప్రకారం ఆయనదే.

మరి భార్య? అక్కడే వుంది చిక్కంతా. పెళ్ళితో ఆమె భర్త 'మానుస్' కిందికి వెళ్ళడం పాత పద్ధతి. మానుస్ అంటే చెయ్యి. మన పాణిగ్రహణం గుర్తుకు రావడంలేదూ? అలా వెళ్ళిన భార్య, చట్టం దృష్టిలో భర్తకి కూతురి లెక్క. తర్వాత్తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన రెండో పద్ధతిలో, పెళ్ళయినా ఆమె తన తండ్రి ఫమీలియాలోనే వుండిపోయేది. పిల్లలేమో వాళ్ళ తండ్రి ఫమీలియా. అంటే నవమాసాలు మోసి కన్నతల్లి, కన్నపిల్లల ఫ్యామిలీలో మనిషి కాదన్నమాట! తల్లి వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి ముందుగా ఆమె పిల్లలకే చెందాలన్న నిర్ణయం క్రీ.శ. 178లో గానీ రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఉల్పియన్ అనే న్యాయశాస్త్రవేత్త కూడా, స్త్రీ కుటుంబం ఆమెతోనే మొదలై ఆమెతోనే ముగుస్తుందని తేల్చేశాడు.

ఇంగ్లీషులోకి ఈ మాట 15వ శతాబ్దంలో, యింటి పనివాళ్ళందరూ అన్న అర్థంతో వచ్చింది. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి 1660లో డైరీ మొదలుపెడుతూ, తన ఫ్యామిలీ ముగ్గురని లెక్క చెప్పాడు: తనూ, భార్యా, పనిపిల్ల జేన్. తల్లీ తండ్రీ పిల్లలూ అన్న అర్థం స్థిరపడింది తర్వాతే.

అదే మాట మన ముంగిట్లోకి వచ్చేసరికి మరీ చిక్కిపోయి, ఒక్క యిల్లాలై కూచుంది. "ఇంకా ఫ్యామిలీ పెట్టలేదండీ" అంటే భార్యని కాపురానికి తీసుకురాలేదని. ఆమె పేరు పైకి చెప్పడానికి మొహమాటమో, మర్యాదో గానీ, రోమ్‌లో లెక్కలోకే రాని మనిషి యిక్కడ మొత్తం లెక్క అయిపోయింది. అయినా ఏ దరఖాస్తులోనైనా 'కుటుంబ యజమాని' అన్నచోట మగవారి పేరు రాయడమే అలవాటు. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం మాత్రం, రేషన్ కార్డు విషయంలో పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడవారిలో పెద్దామే కుటుంబ పెద్ద అంది. ఫమీలియా ఎక్కడ మొదలైంది, ఎక్కడి దాకా వచ్చింది!

పదిరోజుల తర్వాత ఆ స్నేహితుడు భార్యతో సహా వచ్చారు. "మా ఫ్యామిలీ అమ్మా" అని పరిచయం చేశారు. ఆవిడ నమస్కారం పెట్టి, తలుపు పక్కనే నిలబడ్డారు.

"లోపలికి రండి వదినగారూ! యింతకీ మీ పేరు?" అన్నాను.

ఆవిడ ముందు భర్త వంక చూశారు. తర్వాత నావంక చూసి, నవ్వుతూ పేరు చెప్పారు.