పడక వస్త్రాల సామాజిక చరిత్ర: కర్నూలు - కడప మెట్టసీమలో బొంత, పరుపు, కంబళి

వ్యాససంగ్రహం:
పత్తి పంటకూ చేనేతకూ పేరుపొందిన కర్నూలు, కడప ప్రాంతాల చరిత్ర రచనలో పంట, మగ్గం, వాణిజ్యం ప్రధానాంశాలయ్యాయి. ఆ పత్తి, ఆ గుడ్డ చివరకు ఇంటిలో నిద్రకు ఏ రూపంలో ఉపకరించాయన్న ప్రశ్నకు తగినంత ప్రాధాన్యం దక్కలేదు. పాత చీరలతో స్త్రీలు కుట్టిన బొంత, దూదేకులవారు ఏకిన దూదితో తయారైన పరుపు, కురువలు నేసిన కంబళి - ఈ మూడింటి తయారీనీ, వాటి వెనుక ఉన్న శ్రమనూ, అవి లిఖిత ఆధారాలలో అరుదుగా కనిపించడానికి గల కారణాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రధానపదాలు: బొంత, దూదేకుల, కంబళి, మిద్దె, మొహతర్ఫా, కల్లూరు.

1. ఉపోద్ఘాతం

హంద్రీ నది తుంగభద్రలో కలిసే చోట కర్నూలు నగరం ఉంది. దానిని ఆనుకొని ఉన్న కల్లూరు ఒకప్పుడు ప్రత్యేక గ్రామం; నేడు నగరంలో అంతర్భాగం. ఈ పరిసరాల పాత ఇళ్లలో మిద్దెలు ఎక్కువ. రాతి గోడలు, పైన మట్టి కప్పు, నేలపై బేతంచెర్ల రాయి లేదా కడప బండ వీటి లక్షణాలు. బండ పరచిన నేల వేసవిలో చల్లగా ఉంటుంది గాని ఒంటికి గట్టిగా తగులుతుంది. చలికాలపు తెల్లవారుజామున అదే నేల వణికిస్తుంది. ఎండాకాలంలో మిద్దెపైనో, వాకిట్లో నులక మంచం మీదనో పడుకోవడం ఇక్కడి అలవాటు. కాబట్టి పడక అంటే ఒకచోట స్థిరంగా ఉండే వస్తువు కాదు. చుట్టి చంకన పెట్టుకొని మిద్దె ఎక్కడానికి వీలైనది, పగలు దండెం మీద ఆరవేయడానికి అనువైనది కావాలి. ఈ అవసరాన్ని బొంత తీర్చింది.

2. బొంత: నిర్మాణం, ప్రయోజనం

సంస్కృతంలోని 'కంథ' శబ్దానికి తెలుగులో 'బొంత' అని అర్థం చెప్పడం వాడుకలో ఉంది. సన్న్యాసుల అతుకుల వస్త్రాన్నీ, గృహస్థుల పడకనూ ఈ ఒక్క మాటే సూచిస్తుంది. సరిహద్దుకు ఆవల కన్నడ సీమలో ఇటువంటి దానిని కౌది అంటారు.

బొంతకు కావలసినవి పాత నూలు చీరలు, పంచెలు, సూది, దారం. చిరుగు తక్కువగా ఉన్న చీరను పైకీ అడుగుకూ ఉంచి, శిథిలమైన గుడ్డ ముక్కలను మధ్యలో పొరలుగా పరుస్తారు. సూదిని పైకీ కిందికీ పోనిచ్చే సాదా కుట్టును వరుసలుగా వేస్తారు. ఈ కుట్టుకు రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, లోపలి ముక్కలు ఒకవైపునకు జారి ముద్దకట్టకుండా ఆపుతుంది. రెండవది, పొరల మధ్య గాలిని పట్టి ఉంచి వెచ్చదనాన్ని నిలుపుతుంది. ఏళ్ల తరబడి ఉతికిన నూలు గుడ్డకు వచ్చే మెత్తదనం కొత్త గుడ్డకు ఉండదు. పసిబిడ్డ పొత్తిగుడ్డలకు పాత చీరనే ఎంచుకోవడంలో ఉన్న వివేకం కూడా ఇదే.

అందువల్ల బొంతను కేవలం లేమికి గుర్తుగా చూడటం అసమగ్రం. లేమి దానికి ఒక కారణమే. అయితే పరుపులున్న ఇళ్లలోనూ పసివారికి, బాలింతలకు బొంతలు కుట్టారు. చేనేత వస్త్రం ధరించడానికి పనికిరాని దశకు చేరిన తరువాత, స్త్రీల చేతిలో దానికి లభించిన రెండవ జీవితం బొంత.

3. పరుపు: దూదేకుల వృత్తి

బొంత ఇంటిలో పుడితే పరుపు వృత్తికారుని చేత తయారయ్యేది. గింజ తీసిన దూదిని ఏకడానికి పెద్ద విల్లును వాడేవారు. నరంతో బిగించిన ఆ వింటి తాడును దూదికి ఆనించి కొయ్య సుత్తితో మీటితే, ఆ కంపనానికి ముద్దలు విడిపోయి దూది నురుగులా పొంగుతుంది. దుమ్ము, నలుసులు రాలిపోతాయి. దానిని గలేబులో నింపి దబ్బనంతో అక్కడక్కడ కుట్లు వేస్తే పరుపు సిద్ధమవుతుంది. తలగడలకు బూరుగు దూది శ్రేష్ఠం. నునుపైన పొట్టి పోగుల వల్ల అది వడకడానికి అనుకూలం కాదు గాని, తేలికదనం వల్ల తల కింద మెత్తగా ఉంటుంది.

ఈ పనే ఒక సముదాయానికి పేరైంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన 'దక్షిణ భారత కులాలు - తెగలు' సంపుటాలలో దూదేకులవారిని పత్తి శుభ్రపరిచే వృత్తిగల ముస్లిం సముదాయంగా నమోదు చేశాడు. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అన్నవి వారికున్న ఇతర నామాలు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో వీరు బి వర్గానికి చెందుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే వీరి జీవితంలో ఇస్లామీయ, స్థానిక ఆచారాలు కలగలిసి కనిపిస్తాయి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో జన్మించాడని కడప ప్రాంత సంప్రదాయం చెబుతుంది.

దూది పరుపు శాశ్వతం కాదు. చెమటకూ తేమకూ దూది అణగి గట్టిపడుతుంది. కొన్నేళ్లకొకసారి గలేబు విప్పి మళ్లీ ఏకించాలి. అందువల్ల దూదేకులవారికీ ఇంటికీ మధ్య సంబంధం ఒక్కసారి జరిగే అమ్మకంతో ముగియలేదు. మరమ్మతు రూపంలో అది తరాలు నడిచింది.

4. కంబళి

మూడవది కంబళి. దక్కను జాతి గొర్రెల ఉన్నిని వడికి, చింతగింజల గంజి పట్టించి కురువలు దీనిని నేశారు. గంజి వల్ల నేత గట్టిపడి వానచినుకును కొంతవరకు ఆపగలుగుతుంది. పొలం కాపలాలో, గొర్రెల మందల వద్ద రాత్రి గడిపేవారికి పరుపూ కప్పూ గొడుగూ ఇదే.

5. ఆధారాలలో కనబడని శ్రమ

ఈస్టిండియా కంపెనీ పాలనలో దత్త మండలాలలో వసూలైన మొహతర్ఫా పన్ను ఇళ్లపై, దుకాణాలపై, మగ్గాలపై పడింది. మగ్గానికి పన్ను ఉంది గనుక మగ్గానికి లెక్క ఉంది. ఇంటిలోని సూదికి పన్ను లేదు గనుక దానికి లెక్కా లేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861-65) మద్రాసు ప్రెసిడెన్సీ పత్తికి విదేశీ గిరాకీ పెరిగినప్పుడు అధికారుల దృష్టి విస్తీర్ణంపై, ధరపై, ఎగుమతిపై నిలిచింది. 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండి తరువాత కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని ప్రసిద్ధ పత్తి విపణిగా చరిత్రకెక్కింది. బేళ్లుగా కట్టిన పత్తి పత్రాలలో నిలిచింది. పరుపులో చేరిన పత్తి వాటిలోకి రాలేదు.

బొంతకు మరొక పరిమితి ఉంది. అది అమ్ముడుపోయే వస్తువు కాదు. 1876-78 నాటి మహా కరువు వంటి ఆపదలో పశువులకు, పాత్రలకు ధర పలుకుతుంది; అతుకుల బొంతకు కాదు. విక్రయ విలువ లేని వస్తువు తాకట్టు పత్రంలోకీ పంపకాల జాబితాలోకీ రాదు. పైగా అది చివరి పోగు వరకు వాడబడి నశిస్తుంది. బెంగాల్ కాంథాలను గురుసదయ్ దత్ వంటివారు 20వ శతాబ్ది తొలి దశకాలలో సేకరించినందువల్ల అవి ప్రదర్శనశాలలకు చేరి అధ్యయన వస్తువులయ్యాయి. రాయలసీమ బొంతకు అటువంటి సేకర్త లభించలేదు. అలంకారం తక్కువగా, వాడుక ఎక్కువగా ఉండటమే దీనికి ఒక కారణం కావచ్చు.

6. మార్పు

దూది ఏకే యంత్రాలు వింటిని తొలగించాయి. ఫోమ్ పరుపులు మరమ్మతు సంబంధాన్ని తెంచాయి. బొంత తగ్గడానికి మాత్రం మరొక కారణాన్ని గుర్తించాలి. పాలియెస్టర్ చీర ఎంత పాతబడినా నూలు గుడ్డలా మెత్తబడదు, చెమట పీల్చదు. దానితో కుట్టిన బొంత వేసవి రాత్రి ఉక్కపోస్తుంది. కుట్టే ఓపిక తగ్గిందన్న వాదన అర్ధసత్యమే. కుట్టదగిన పాత గుడ్డే ఇంటిలో కరువైంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరద కర్నూలు పల్లపు ప్రాంతాలను ముంచింది. కాగితపు ఆధారాలే కాదు, గుడ్డ రూపంలోని ఆధారాలు కూడా ఇటువంటి విపత్తులలో ఎంత సులభంగా నశిస్తాయో గుర్తుచేసే సందర్భమది.

7. ముగింపు

పత్తి చరిత్ర పొలంలో మొదలై విపణిలో ముగియదు. అది మగ్గం మీదుగా చీరగా, చీర నుంచి బొంతగా, పొత్తిగుడ్డగా సాగుతుంది. ఈ తుది దశలోని శ్రమ స్త్రీలదీ, దూదేకుల, కురువ వంటి వృత్తి సముదాయాలదీ. పత్రాలు చెప్పని ఈ చరిత్రకు మిగిలిన ఆధారాలు రెండే: ఇళ్లలో ఇంకా ఉన్న పాత బొంతలు, వాటిని కుట్టినవారి జ్ఞాపకాలు. ఏ చీర ఎవరిది, ఎప్పుడు కుట్టారు, ఎవరి కాన్పుకు కుట్టారు అన్న వివరాలతో వీటిని నమోదు చేయడం కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలకు సాధ్యమైన పని. బొంతను చూడగానే అందులోని చీరలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టగల తరం వృద్ధాప్యంలో ఉంది కనుక, ఆ పనికి ఉన్న వ్యవధి స్వల్పం.