బిల్లు పడేలోపు ఇల్లు: మన మూడు జిల్లాల్లో ఇంటి సాయం కథ

సంఘం మీటింగ్‌లో పొదుపు లెక్క, అప్పుల లెక్క అయిపోయి అందరూ లేవబోయే ముందు ఒక మాట వినపడుతది. "అక్కా, నీ బిల్లు పడ్డదా?" అడిగేది కరెంటు బిల్లు గురించి కాదు, ఇంటి బిల్లు గురించి. జనగామ పల్లెల్లో, మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి పక్క ఊళ్లల్లో అంతటా ఇదే ముచ్చట. మన అమ్మలు కూడా ఇదే అడిగారు, ఇప్పుడు మన కోడళ్లు అడుగుతున్నారు.

అందుకే ఈ ఏడాది నివేదికలో లెక్కల పట్టికల పక్కన ఈ కథ కూడా ఉండాలనుకున్నాం. సర్కారు ఇచ్చే ఇంటి సాయం ఏ కాలంలోనూ పూర్తి ఇంటికి సరిపోలేదు. ఎంత ఇచ్చారో ప్రభుత్వ లెక్కల్లో ఉంది. తక్కువ పడ్డది ఎవరు నింపారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

కాలనీ ఇళ్ల రోజులు

మనలో పెద్దవాళ్లు తాటికమ్మల గుడిసెల్లో, గూన పెంకుల ఇళ్లల్లో పుట్టారు. వాన పడితే గిన్నెలు పెట్టుకునే ఇళ్లవి. 1979లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వచ్చింది. 1983 తర్వాత పక్కా ఇళ్ల పని పెరిగింది. ఊరి చివర వరసగా ఒకే తీరు గదులు లేచాయి. వాటినే మనం ఇప్పటికీ "కాలనీ" అంటాం.

1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. మొదట్లో అది ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, వెట్టి నుంచి విడిపించిన కూలీలకు మాత్రమే. తర్వాత మిగతా పేదలకూ ఇచ్చారు. 1996 నుంచి అది విడిగా ఒక పథకం అయింది. ఇల్లు ఆడమనిషి పేరు మీద గానీ, భార్యాభర్తలిద్దరి పేరు మీద గానీ ఇవ్వాలన్న నియమం అందులో ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేసిన నాలుగెకరాల కోసం దొరతో కొట్లాడిన నేల మనది. అలాంటి చోట కాగితం మీద ఆడమనిషి పేరు ఎక్కడం చిన్న సంగతి కాదు.

పైసల సంగతి చూద్దాం. మైదాన ప్రాంతాల్లో ఒక్కో ఇంటికి 1996లో 20 వేలు ఇచ్చారు. అది 2004లో 25 వేలు, 2008లో 35 వేలు, 2010లో 45 వేలు, 2013లో 70 వేలు అయింది. 2016లో పథకం పేరు మారి ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయ్యాక 1 లక్షా 20 వేలు చేశారు. చూడటానికి ప్రతిసారీ పెరిగినట్టే ఉంటది. కానీ సిమెంటు, సలాక, ఇసుక, మేస్త్రీ కూలి ముందే పెరిగి కూర్చునేవి. సాయం వెనక నుంచి నడుచుకుంటూ వచ్చేది.

ఇందిరమ్మ ఇళ్లు, ఆగిన బిల్లులు

2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ కార్యక్రమం వచ్చింది. మూడేళ్లలో, మూడు విడతలుగా అన్ని ఊళ్లల్లో అర్హులందరికీ ఇల్లు అన్నారు. అందులో కొంత సబ్సిడీ, కొంత అప్పు. సిమెంటు బస్తాలు కూడా ఇచ్చేవారు. పైసలు ఒక్కసారి రావు. బేస్‌మెంట్ అయితే ఒక బిల్లు, లెంటల్ దాకా వస్తే ఒకటి, స్లాబు పోస్తే ఇంకొకటి. ఈ మాటలన్నీ మన ఆడవాళ్ల నోట్లోకి వచ్చింది అప్పుడే. మేస్త్రీతో బేరం, ఇసుక ట్రాక్టర్ కోసం తిరుగుడు, సారు వచ్చి ఫొటో తీసేదాకా ఎదురుచూపు అన్నీ మనమే నేర్చుకున్నాం.

2014లో తెలంగాణ వచ్చింది. పాత ఇళ్ల పథకంలో అక్రమాలు జరిగాయని సీఐడీ విచారణ వేశారు. బిల్లులు ఆగిపోయాయి. తప్పు చేసినవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ నిజంగా పునాది తీసి గోడలు లేపినవాళ్లు కూడా వాళ్లతోపాటే ఆగిపోయారు. లెంటల్ మీద ఆగిన గోడల్లో తుమ్మ చెట్లు మొలిచిన ఇళ్లు మనందరం చూసినవే. ఉన్న గుడిసె విప్పి కొత్త ఇంటికి ముగ్గు పోసుకున్న కుటుంబం అటు పాత ఇంట్లో లేదు, ఇటు కొత్త ఇంట్లో లేదు. రేకుల షెడ్డులోనో, కిరాయి గదిలోనో ఉండాలి. బిల్లు ఒక నెల ఆలస్యమైతే కిరాయి ఒక నెల పెరుగుతది. ఆ కిరాయి ఏ అంచనాలోనూ ఉండదు.

పూర్తి ఇంటి నుంచి సగం ఇంటికి

2015లో డబుల్ బెడ్‌రూం ఇళ్లు వచ్చాయి. లబ్ధిదారు రూపాయి పెట్టనక్కర లేదు, సర్కారే కట్టి ఇస్తది అన్నారు. 560 చదరపు అడుగులు, పల్లెల్లో ఒక ఇంటికి 5 లక్షల 4 వేలు. మాట మంచిదే. కానీ ఆ ధరకు కట్టలేమని చాలా చోట్ల కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు. టెండర్లు మళ్లీ మళ్లీ పిలిచారు. ఇల్లు వచ్చినవాళ్లు సంతోషపడ్డారు. రానివాళ్లు ఏళ్ల తరబడి దరఖాస్తు కాగితం దాచుకున్నారు.

2023లో గృహలక్ష్మి అన్నారు. సొంత జాగా ఉన్న ఆడమనిషి పేరు మీద 3 లక్షలు, మూడు విడతల్లో. నియోజకవర్గానికి 3 వేల ఇళ్లు. అంటే పూర్తి ఇల్లు ఇస్తామన్న సాయం, ఎనిమిదేళ్లకు 3 లక్షలకు దిగింది. మిగతాది మనమే పెట్టుకోవాలి. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో ఆ పథకం రద్దయింది. మంజూరు కాగితం చూసి పాత ఇల్లు విప్పినవాళ్ల గుండె జల్లుమన్నది.

2024 మార్చి 11న భద్రాచలంలో కొత్త ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. 5 లక్షల సాయం, నాలుగు విడతల్లో. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. 3 లక్షల కన్నా 5 లక్షలు ఎక్కువే. అయితే ఒక్క సంగతి గమనించండి. 2015లో 5 లక్షల 4 వేలకు కాంట్రాక్టర్లు వద్దన్న పనిని, తొమ్మిదేళ్ల తర్వాత అటూఇటుగా అంతే పైసలతో మనం చేసి చూపించాలి. ఇల్లు కొంచెం చిన్నది కావచ్చు, సొంత చాకిరీ కలవొచ్చు. కానీ ఇప్పుడు కాంట్రాక్టరు మనమే. నష్టం వస్తే టెండర్ వదిలేసి పోవడానికి మనకు వీలు లేదు.

తక్కువ పడ్డది ఎక్కడి నుంచి వచ్చింది

మొదటి బిల్లు బేస్‌మెంట్ అయినాకనే పడుతది. మరి బేస్‌మెంట్‌కు పైసలు ఎక్కడివి? పాత రోజుల్లో దారి ఒక్కటే, షావుకారు. లేదా మెడలో గొలుసు కుదువ పెట్టుడు.

చిన్న లెక్క వేసుకుందాం. లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు 3 వేలు మిత్తి. బిల్లు ఆరు నెలలు ఆలస్యమైతే 18 వేలు. అదే లక్ష సంఘంలో రూపాయి మిత్తికి తీసుకుంటే ఆరు నెలలకు 6 వేలు. తేడా 12 వేలు. బస్తా 350 అనుకుంటే 34 బస్తాల సిమెంటు! షావుకారు దగ్గరికి పోతే అంత సిమెంటు మన ఇంటికి రాకుండానే పోయినట్టు.

ఈ రెండో దారి ఊరికే రాలేదు. 1982లో డ్వాక్రా వచ్చింది. 1990ల్లో నెల్లూరు సారా ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు రాష్ట్రమంతా పాకాయి. మన పక్కనే ముల్కనూరు చుట్టూ, ఉమ్మడి వరంగల్, కరీంనగర్ ఊళ్లల్లో ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు 1990 నుంచే నడిచాయి. 2000లో వెలుగు, సెర్ప్ వచ్చి గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు కట్టారు. 2004లో పావలా వడ్డీ, 2011లో స్త్రీనిధి. 2025లో ఇందిరమ్మ ఇల్లు మంజూరై బేస్‌మెంట్ కట్టుకోలేని సభ్యురాలికి సంఘం ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పించాలని ప్రభుత్వమే చెప్పింది. అంటే సాయంలో ఖాళీ ఉన్నదని, దాన్ని నింపేది సంఘమేనని సర్కారు కూడా ఒప్పుకున్నట్టే.

వేరే దేశాల్లో

ఇది మన ఒక్కరి కథ కాదు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1984లో పేద ఆడవాళ్లకు ఇంటి అప్పులు మొదలుపెట్టింది. ఆ అప్పుతో ముందు వచ్చేవి నాలుగు సిమెంటు స్తంభాలు, పైకప్పు రేకులు, మరుగుదొడ్డి పలక. గోడలు వాళ్ల వీలును బట్టి కట్టుకునేవారు. జాగా ఆడమనిషి పేరు మీద ఉండాలన్నది షరతు. వరద వచ్చినా స్తంభాలు, కప్పు నిలవాలన్నది వాళ్ల ఆలోచన. 1989లో ఆ ఇళ్లకు ఆగాఖాన్ వాస్తు అవార్డు వచ్చింది.

బాగా డబ్బున్న బ్రిటన్‌లో పేదలకు ఇంటి కిరాయికి సర్కారు సాయం చేస్తది. 2013 ఏప్రిల్ నుంచి సర్కారీ, సంస్థల ఇళ్లల్లో కిరాయికి ఉండేవాళ్లకు ఒక పడకగది అదనంగా ఉందంటే సాయం లెక్కలో కిరాయి నుంచి 14 శాతం, రెండు ఉంటే 25 శాతం కోత పెట్టారు. ఇల్లు మారలేనివాళ్లు ఆ తేడాను తిండిలో, చలికాలం వెచ్చదనంలో తగ్గించుకున్నారు. కాగితం మీద కోత ఎక్కడైనా చివరికి పొయ్యి దగ్గరికే వస్తది.

ఏది తగ్గించాలి, ఏది తగ్గించొద్దు

2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. 2024 సెప్టెంబర్‌లో ఆకేరు ఉప్పొంగి మహబూబాబాద్ జిల్లా సీతారాం తండాను ముంచింది. కాబట్టి పైసలు తక్కువైనా పునాది లోతు, బేస్‌మెంట్ ఎత్తు, పిల్లర్లలో సలాక, స్లాబులో సిమెంటు తగ్గించొద్దు. తగ్గించాల్సి వస్తే లోపలి గిలాబు, టైల్స్, రంగులు, ముందర వరండా, మేడ మెట్లు తగ్గించండి. అవి రెండేళ్లకైనా చేసుకోవచ్చు. పునాది మళ్లీ తీయలేం.

ఇంకో మాట. 400 అడుగులు చాలు అని మనకు తెలుసు. కానీ పక్కింటావిడ 600 కట్టిందని మనమూ ముగ్గు పెద్దగా పోస్తాం. చేతిలో ఉన్నది, సంఘం ఇచ్చేది, ఖాయంగా వచ్చేది కలిపి ఎంతో చూసి ముగ్గు పోయించాలి. ముగ్గు పోసే రోజే అప్పు ఎంతో తేలిపోతది. గోడలు లేచినాక ఏం చేసినా లాభం ఉండదు.

రావాల్సినవి అడగడం కూడా మరువొద్దు. 2016లో కేంద్రం ఇళ్ల పథకంలో 90 రోజుల ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికి 12 వేలు ఇంటికి కలిపే పద్ధతి పెట్టారు. కొత్త ఇందిరమ్మ ఇళ్లకు ఇసుక ఉచితం అన్నారు, దూరం నుంచి తేవాలంటే ట్రాక్టర్ కిరాయి మాత్రం మనదే. నలుగురు ఒకే వారం తెప్పించుకుంటే కిరాయి బేరం కుదురుతది. ఏ విడతకు ఏం కలుస్తదో, ఏం మారిందో పంచాయతీలో నలుగురు కలిసి పోయి అడగండి. ఒక్కరు అడిగితే "రేపు రా" అంటారు.

మన పుస్తకంలో రాసుకుందాం

చివరగా ఒక ఒప్పుకోలు. మన అప్పుల రిజిస్టర్లు తీసి చూస్తే కారణం దగ్గర ఏముంటది? "పాడి గేదె", "కిరాణం", "కుట్టు మిషన్". అందులో చాలా గేదెలు కొట్టంలోకి రాలేదు, గోడల్లోకి పోయాయి. ఇంటికి అని రాస్తే ఇస్తరో ఇయ్యరో అని భయపడి అట్లా రాయించాం. అందుకే ఇన్నేళ్లుగా పేదల ఇళ్లల్లో ఆడవాళ్లు పెట్టిన వాటా ఏ లెక్కలోనూ కనపడదు. సర్కారు ఇచ్చింది రాసుకుంది. మనం పెట్టింది మనమే దాచిపెట్టుకున్నాం.

ఈ ఏడాది నుంచి ఇంటికి తీసుకున్న అప్పును "ఇల్లు" అనే రాయిద్దాం. ఏ విడతలో ఎంత తక్కువ పడ్డది, బిల్లు ఎన్ని రోజులకు పడ్డది, మిత్తి ఎంత అయింది, కిరాయి ఎంత పోయింది, నాలుగు గీతలు గీసి రాస్తే చాలు. గ్రామ సంఘంలో రాసినవి మండల సమాఖ్యకు వస్తే, మూడు జిల్లాల లెక్క ఒక్క కాగితం మీదికి వస్తది. అప్పుడు "సాయం సరిపోతలేదు" అని ఒకరిద్దరం అనడం కాదు, ఇంత తక్కువ పడుతున్నదని చూపించి అడగొచ్చు.

అక్కలారా, చెల్లెలారా, వచ్చే మీటింగ్‌లో "నీ బిల్లు పడ్డదా?" అని అడిగినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగండి. "పడేదాకా నువ్వు ఎంత పెట్టినవు?" ఆమె చెప్పిన అంకెను అక్కడే పుస్తకంలో రాయించండి.