తుప్పును గెలిచిన లోహం, తుప్పుకు బలైన నౌక: మోనెల్ చరిత్రలో ఒక ఘట్టం

సముద్రజలంలో తుప్పును తట్టుకొనే శక్తి ఆయా లోహాలకు స్వతస్సిద్ధమైన గుణమని సాధారణంగా భావిస్తాం. నికెల్-రాగి మిశ్రమలోహమైన మోనెల్ చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసిన అవసరాన్ని చూపుతుంది. 'సీ కాల్' అనే నౌక వృత్తాంతం ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కెనడాలోని సడ్బరీ ఖనిజంలో నికెల్, రాగి కలిసే లభిస్తాయి. వాటిని విడదీయకుండానే మిశ్రమలోహంగా మలచే పద్ధతిని 1905 ప్రాంతంలో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీకి చెందిన రాబర్ట్ స్టాన్లీ రూపొందించారు. సంస్థ అధ్యక్షుడు ఆంబ్రోస్ మోనెల్ పేరే ఆ లోహానికి స్థిరపడింది. ఇందులో దాదాపు మూడింట రెండు వంతులు నికెల్. మిగిలినదానిలో అధికభాగం రాగి. ప్రవహించే సముద్రజలంలో దీని క్షయం అత్యల్పం. నిలవనీటిలో మాత్రం గుంటలు పడే అవకాశం ఉంది.

1915లో అమెరికాలో నిర్మించిన 214 అడుగుల విహారనౌక 'సీ కాల్'కు మోనెల్ పలకలు తొడిగారు. లోపలి చట్రం మాత్రం ఉక్కు. సముద్రజలం విద్యుద్విశ్లేష్యంగా పనిచేయడంతో ఉక్కు ఆనోడ్‌గా, మోనెల్ కాథోడ్‌గా మారాయి. కాథోడ్ వైశాల్యం ఎక్కువై ఆనోడ్ వైశాల్యం తక్కువైనప్పుడు క్షయం తీవ్రమవుతుంది. పలకలకు హాని కలగలేదు. వాటిని మోసిన ఉక్కే క్షీణించింది. కొద్దికాలానికే నౌకను విప్పివేయవలసి వచ్చింది.

ఈ పాఠం అప్పటికే పాతది. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలారం' అనే నౌక అడుగుభాగానికి రాగిరేకులు తొడిగింది. 1763లో పరిశీలించగా రాగిని తాకిన ఇనుపమేకులు తినివేయబడి ఉన్నాయి. రెండింటి నడుమ కాగితం మిగిలినచోట ఇనుము భద్రంగా ఉంది. 1824లో హంఫ్రీ డేవీ ఇదే ధర్మాన్ని రక్షణోపాయంగా మలచి, జింకు, ఇనుము ముక్కలను జతచేసి రాగిక్షయాన్ని నివారించారు. అయితే కరగని రాగిపై సముద్రజీవులు పేరుకొని నౌకావేగాన్ని తగ్గించాయి.

కాబట్టి 'సీ కాల్' వైఫల్యాన్ని మోనెల్‌కు ఆపాదించడం సమంజసం కాదు. క్షయనిరోధం ఒక్క లోహం గుణం కాదు. అది ఆ లోహానికీ, దాని పొరుగు లోహానికీ, నీటికీ నడుమ ఏర్పడే సంబంధం. ఒకే ధర్మం డేవీ చేతిలో రక్షణ అయింది, 'సీ కాల్'లో వినాశహేతువయింది. సాంకేతిక చరిత్రకారులు లోహాల ఆవిష్కరణ తేదీలతో పాటు, నమోదైన అనుభవం నిర్మాణశాలకు చేరిన, చేరని సందర్భాలను కూడా పరిశోధనాంశంగా స్వీకరించాలి.