అమ్మ తర్వాత ఎవరు?

మద్రాసులో పెరిగిన తెలుగు సినిమా జూబిలీహిల్స్ గుట్టలకు తరలివచ్చిన చరిత్ర పాఠకులకు తెలిసిందే. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వెలిశాయి. ఈ రెంటికీ నడుమ, 1984లో, ఇదే నగరంలో బోయినపల్లి దగ్గర కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను స్థాపించింది. సినిమా చరిత్ర రాసేవాళ్లకు యీ సంగతి అక్కరలేదు. కాని మేధో వైకల్యం వున్న మనిషిని మన సంఘం ఎట్లా చూసిందో తెలుసుకోవాలంటే, ఆ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

పూర్వం ఉమ్మడి కుటుంబం యిలాంటివాళ్లను కడుపులో పెట్టుకు చూసుకునేదని కొందరు మురిసిపోతారు. అది సగం నిజం. పెట్టిన ముద్దకు బదులుగా కూలి లేని చాకిరీ చేయించుకోవడమూ ఆ కుటుంబ ధర్మమే. స్నానం చేయించి, అన్నం తినిపించి, వెంట తిరిగే పని మాత్రం ఎప్పుడూ ఆడవాళ్ల వంతే. ఇక రాజ్యం సంగతి. బ్రిటిషువారి 1912 నాటి చట్టం మందబుద్ధినీ వున్మాదాన్నీ వొకే నిర్వచనంలో కట్టివేసింది. ఆ ముడి 1987 మానసిక ఆరోగ్య చట్టం దాకా విడలేదు. అది జబ్బు కాదని ఆ చట్టం తేల్చింది. మరి వాళ్లకు చెయ్యవలసిందేమిటో చెప్పలేదు. వికలాంగుల హక్కులకంటూ చట్టం రావడానికి 1995 దాకా ఆగవలసి వచ్చింది.

సరిగ్గా యీ సంధికాలంలో, 1986లో, కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’ వచ్చింది. ఆస్కారు పోటీకి భారతదేశం పంపిన చిత్రమది. దాని గొప్పతనం కమల్‌హాసన్ నటనలోనే వుందనుకోవడం పొరపాటు. అమాయకుణ్ణి నవ్వులాటకు వాడుకోవడం అలవాటైన తెరమీద అది వొక నిండు జీవితాన్ని చూపింది. శివయ్య మనమలు పుట్టిన ముసలివాడుగా మనకు పరిచయమౌతాడు. అతన్ని పెంచిన నాయనమ్మ పోయాక గతి ఏమిటన్న ప్రశ్న కథకు ఆయువుపట్టు. అయితే దర్శకుడిచ్చిన జవాబేమిటి? లలిత అనే వితంతువు. వొక స్త్రీ మోసిన భారం మరో స్త్రీ భుజం మీదికి మారింది. వితంతువుకు జీవితమిచ్చిన అభ్యుదయం యిక్కడ తడబడింది. లలిత దొరకని శివయ్యల మాటేమిటి?

ఆ ప్రశ్న యిప్పుడు మరింత బరువైంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్ల సగటు ఆయుర్దాయం అమెరికాలో 1983 ప్రాంతంలో పాతికేళ్లు. ఇవాళ దాదాపు అరవై. గుండె ఆపరేషన్లూ, మందులూ ఆయుష్షు పెంచాయి. వాళ్లలో చాలామందికి నడివయస్సులోనే మతిమరుపు జబ్బు సోకుతుంది. అప్పటికి తల్లిదండ్రులు వుండరు. వున్నా వాళ్లకే వొకరి ఆసరా కావాలి.

మన ప్రయత్నం ఎక్కువభాగం బడి దగ్గరే ఆగింది. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే పని మొదలుపెట్టింది. బోయినపల్లి సంస్థ ఉపాధ్యాయులను తయారుచేసింది. ఇవి చిన్న పనులు కావు. కాని 2016 చట్టం ఉచిత విద్యకిచ్చిన హక్కు 18 ఏళ్లతో ముగుస్తుంది. మనిషి బతుకు 18 ఏళ్లతో ముగియదు. తమ తర్వాత ఎవరన్న తల్లిదండ్రుల ప్రశ్నకు 1999 నేషనల్ ట్రస్టు చట్టం సంరక్షకుణ్ణి చూపించింది. 2016 చట్టం మరో అడుగు వేసి, సంరక్షకుడు ఆ మనిషి బదులు కాదు, ఆ మనిషితో కలిసి నిర్ణయించాలన్నది. మంచిదే. అయితే సంతకం పెట్టే చెయ్యి వేరు, అన్నం పెట్టే చెయ్యి వేరు.

రెండో చెయ్యి ఎట్లా వుండాలో చూపినవాళ్లు మన నగరంలోనే వున్నారు. మంజులా కల్యాణ్ 1991లో ప్రారంభించిన స్వయంకృషి, పెరిగి పెద్దవాళ్లైన యిలాంటివారిని పెద్ద వసతిగృహంలో కుప్పపోయలేదు. కొద్దిమంది కలిసి కాపురముండే మామూలు యిళ్లు ఏర్పాటు చేసింది. తోడుండి, ఇంటిపనీ జీవనోపాధీ నేర్పింది. ఆశ్రమానికీ యింటికీ తేడా గోడల్లో లేదు. ఏ పూట ఏమి వండుకోవాలో ఎవరు నిర్ణయిస్తారన్నదే తేడా. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికా యిదే చెబుతుంది: ఎక్కడ, ఎవరితో వుండాలో ఎంచుకునే హక్కు ఆ మనిషిది.

ఇట్లాంటి యిళ్లు దాతల దయమీదా, వొకరిద్దరి పట్టుదలమీదా ఎంతకాలం నడుస్తాయి? తోడుండే మనిషికి నెలజీతం కావాలి, సెలవు కావాలి, శిక్షణ కావాలి. తల్లి ఉచితంగా చేసిన పనికి ప్రభుత్వం ఖరీదు కట్టడానికి వెనుకాడుతున్నంతకాలం చట్టాలు ఎన్ని వచ్చినా ఆ భారం యింటి ఆడదాని మీదే పడుతుంది.

సినిమాకూ యిందులో బాధ్యత వుంది. వైకల్యాన్ని ఎగతాళి చేసే హాస్యానికీ, దాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యానికీ తేడా వుందని సుప్రీంకోర్టు 2024లో వొక సినిమా కేసులో వివరంగా చెప్పింది. కాని ఎగతాళి మానుకోవడం కనీస మర్యాద మాత్రమే. ఫిల్మ్‌నగర్ రచయితలు లలితలాంటి దేవతను మళ్లీ సృష్టించనక్కరలేదు. దేవత దొరకకపోయినా శివయ్య తన యింట్లో, తన వీధిలో, తనవాళ్ల మధ్య ముసలివాడు కాగలిగే సంఘాన్ని వూహిస్తే చాలు.