హాలీ, కల్దారు: ఒకే భాష, రెండు రూపాయలు

దూరదేశములకు బోవు ప్రయాణికునకు మొదటి చిక్కు చేతిడబ్బుతోనే వచ్చును. ఇంటికడ అన్నవస్త్రములను తెచ్చిపెట్టిన రూపాయి పొలిమేర దాటగనే అక్కరకురాని కాగితమగును. ఈ యనుభవమునకై తెలుగువాడు ఓడయెక్కి సముద్రము దాటనక్కరలేని కాలమొకటి యుండెను. బెజవాడలో రైలెక్కి ఓరుగల్లులో దిగిన చాలును. భాష యదియే, రూపాయి వేరు.

నిజాము రాజ్యమున చెల్లుచుండిన నాణెమునకు హాలీ సిక్కా యని పేరు. 'హాలీ' యనగా ప్రస్తుతము చెలామణిలో నున్నదని యర్థము. బ్రిటిషువారి రూపాయిని అచటి ప్రజలు కల్దారు అనిరి. యంత్రముపై అచ్చొత్తబడినదని ఆ పేరునకు భావము. హాలీ సిక్కా చరిత్రకు ఢిల్లీతో తగు సంబంధము కలదు. అసఫ్‌జాహీ ప్రభువులు దక్కనులో స్వతంత్రులుగా వ్యవహరించుచున్నను, 1857 సంవత్సరపు తిరుగుబాటు వరకును తమ నాణెములపై మొగలు చక్రవర్తి నామమునే ముద్రించుచుండిరి. ఎఱ్ఱకోటలో పాదుషా పదవి అంతరించిన పిమ్మటనే అసఫ్‌జా నామము వానిపై కెక్కెను. ఇరువదవ శతాబ్దారంభమున చార్మినారు బొమ్మ చేరెను. ఉస్మాన్ అలీఖాన్ కాలపు రూపాయిలో చార్మినారు ద్వారము నడుమ ఆయన పేరులోని మొదటి యక్షరమును చూడవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వెండికి కరవు రాగా, 1918లో హైదరాబాదు ప్రభుత్వము చట్టముచేసి కాగితపు నోట్లను ప్రవేశపెట్టెను. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలలో ఆ నోట్లపై విలువ వ్రాయబడెను. తెలుగక్షరములు గల ఆ నోటు తెలుగుదేశమునందే సరిహద్దు కావల చెల్లకపోవుట గమనింపదగినది.

ఈ రెండు నాణెముల మారకము సామాన్యముగ ఏడింటికి ఆరు. అనగా ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ యని ప్రభుత్వపు లెక్క. ఒక హాలీ రూపాయి కల్దారులో 13 అణాల 8 పైలకు కొంచెము మించి నిలుచును. వేలు మార్చు వర్తకునకు ఈ లెక్క కష్టము కాదు. హుండీ వ్రాసికొని పని జరుపుకొనును. చిక్కంతయు చిల్లరలోనే. ఒక హాలీ అణా విలువ కల్దారులో పది పైల పైచిల్లర. ఆ మిగులు ముక్కకు సరిపోవు నాణెము లేదు. సరాఫు తీసికొను వట్టము దీనికి అదనము. ఆ ముక్క ఎవరి యొడిలో పడునో చెప్పనక్కరలేదు. లెక్క తెలిసినవాడు నిలిచి అడుగును. రైలు తప్పిపోవునను తొందరలోనున్న కూలివాడు ఇచ్చినది పుచ్చుకొని పోవును.

1929లో ఆరంభమైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సు ఈ విచిత్రమును ఇంకను స్పష్టము చేసెను. ఢిల్లీ నుండి చెన్నపట్నమునకు బోవువాడు బల్లార్షా వరకు కల్దారు సీమలో నుండి, కాజీపేట ప్రాంతమున హాలీ సీమను దాటి, బెజవాడ చేరునప్పటికి మరల కల్దారు సీమలో నుండును. పెట్టె కదలలేదు, కూర్చున్న బల్ల మారలేదు; జేబులోని రూపాయి విలువ మాత్రము రెండుమారులు ప్రశ్నింపబడెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమైనను రూపాయలు వెంటనే కలియలేదు. 1950 నుండి భారత రూపాయి అచట అదే ఏడారుల లెక్కపై ప్రవేశించెను. ఆ దశకము ముగియునాటికి హాలీ సిక్కా పూర్తిగా కనుమరుగయ్యెను. ఉస్మానియా సిక్కా నిర్వహణకై 1941 చట్టముచే ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు అధీనమై స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా మారి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో లీనమైనది. హాలీని మరచి కల్దారు లెక్కకు అలవాటుపడుచున్న పల్లెవాసికి 1957 ఏప్రిల్ 1న నయాపైసలు ఎదురయ్యెను. ఒక్క దశాబ్దములో రెండుమారులు ఎక్కములు మార్చుకొనుట చదువులేని వృద్ధులకు ఎంత భారమో ఊహింపవచ్చును.

ఇచట రెండు రూపాయలు ఒకటియగుచున్న ఆ దశకపు చివరనే, ఢిల్లీలో ఒక రూపాయి రెండుగా చీలుట మరియొక వింత. కువైటు, బహ్రేను మొదలగు గల్ఫు దేశములలో అప్పుడు భారత రూపాయియే చెల్లుచుండెను. దానిని అడ్డుపెట్టుకొని బంగారము దొంగరవాణా జరుగుచుండుటచే 1959లో పార్లమెంటు చట్టమును సవరించగా, రిజర్వు బ్యాంకు ఆ దేశములకై వేరు రంగుల నోట్లను ముద్రించెను. 1966లో రూపాయి విలువ తగ్గింపబడినపుడు అచట మిగిలిన రాజ్యములును క్రమముగా దానిని విడిచిపెట్టెను. నేడు అచట కష్టించు తెలుగు శ్రామికుడు దిర్హములను, దినారులను రూపాయలుగా మార్చి ఇంటికి పంపుచున్నాడు. పలకపై వ్రాసిన ధరకును, చేతికి వచ్చిన సొమ్మునకును గల భేదమే నాటి వట్టము. పేరు మారినది, భారము మోయువాడు మారలేదు.

రాజ్యము లెన్నియైనను కావచ్చును. 2014లో తెలుగువారికి రాష్ట్రములు రెండైనను రూపాయి ఒక్కటిగనే నిలిచినది. ఓరుగల్లు కూలివాడు నేడు బెజవాడలో దిగి, ఎవరిని అడుగకయే తన రూపాయితో టీ త్రాగగలుగుచున్నాడు. ఏడింటికి ఆరు లెక్క తెలిసినవారికే ఆ సౌఖ్యపు విలువ తెలియును.