సంగీత పరిశోధన: విద్యార్థి ప్రాజెక్టు

సంగీతం గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న వేసుకుని, గ్రంథాల్లోనూ కళాకారుల దగ్గరా దానికి సమాధానం వెతకడం సంగీతశాస్త్ర విద్యార్థి చేసే ప్రాజెక్టు. 1885లో గీడో ఆడ్లర్ ఈ శాస్త్రాన్ని చారిత్రక, క్రమబద్ధ శాఖలుగా విభజించాడు. ప్రజల జీవనంలో భాగంగా సంగీతాన్ని చూసే శాఖకు ఎథ్నోమ్యూజికాలజీ అనే పేరు 1950లో యాప్ కున్స్ట్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది.

అంశం ఎంత చిన్నదైతే పని అంత బాగా సాగుతుంది. 'తెలంగాణ జానపద సంగీతం' ఒక విద్యార్థి చేతికి అందేది కాదు. 'ఒగ్గుకథలో మాట పాటగా మారే చోట డోలు దరువు ఎలా మారుతుంది?' అనేది చేయదగిన ప్రశ్న. ఒగ్గు అంటే చిన్న డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ప్రధాన కథకుడు చెబుతుంటే వంతలు అందుకుంటారు. డోలు, తాళాలు తోడవుతాయి. కొమురవెల్లిలో పట్నం అనే రంగుల ముగ్గు వేసి మల్లన్నను కొలిచే సందర్భం వేరు, సభావేదిక మీద కుదించి చెప్పే సందర్భం వేరు. రెండూ వినకుండా దరువు గురించి తీర్పు చెప్పకూడదు.

రికార్డింగుకు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు మంచిది. డోలుకు దగ్గరగా మైకు పెడితే కథకుడి గొంతు మునిగిపోతుంది. తేదీ, ఊరు, కళాకారుల పేర్లు మొదట్లోనే మైకులో చెప్పి ఉంచాలి. ఆ వివరాలు లేని ఫైలు కొన్నేళ్లకు ఎవరికీ పనికిరాదు.

విన్నదాన్ని రాయడమే అన్నిటికన్నా కష్టం. పాడటానికి ఉపయోగపడే లిపి వేరు, పాడినదాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసే లిపి వేరని 1958లో చార్లెస్ సీగర్ వివరించాడు. కచేరీ కృతులకు వాడే స్వరలిపిలో ఒగ్గు కథకుడి సాగదీతలు ఇమడవు. సోనిక్ విజువలైజర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గీసే శ్రుతి రేఖ ఇక్కడ సాయపడుతుంది. పరిశోధకుడు తానూ ఆ సంగీతాన్ని నేర్చుకోవాలని మాంటిల్ హుడ్ 1960లో వాదించాడు. ఒక్క దరువు చేతికి పట్టుబడినా చెవి పదునెక్కుతుంది.

అనుమతి ముందే తీసుకోవాలి. పూజలో భాగమైన పాటలను రికార్డు చేయవచ్చో లేదో కళాకారులే నిర్ణయించాలి. భారత సంగీతాన్ని రికార్డు చేసిన విదేశీ పరిశోధకులు చాలామంది ఆ టేపులను తమ దేశాలకే తీసుకెళ్లారు. ఆ ప్రతులను తిరిగి ఇక్కడికి తెప్పించడం అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో నెలకొల్పిన ఆర్కైవ్ ముఖ్య లక్ష్యాల్లో ఒకటి. అది ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంది. విద్యార్థులు ఆ లోటు మళ్లీ రానివ్వకూడదు: ప్రాజెక్టు సమర్పించే ముందే రికార్డింగు ప్రతి ఒకటి పాడినవాళ్ల ఇంటికి చేర్చండి.